యుద్ధం వచ్చిన ఏడాది కాస్ట్రో వీధిలో

ఇరాక్ యుద్ధం మొదలైన 2003లో శాన్‌ఫ్రాన్సిస్కో గే సమాజం ఆ యుద్ధాన్ని అంత గట్టిగా ఎందుకు వ్యతిరేకించింది, తమ హక్కుల పోరాటానికీ ఎక్కడో జరిగే యుద్ధానికీ ఏమిటి సంబంధం, అప్పుడు అక్కడున్న తెలుగువాళ్లు ఎవరైనా చెప్పగలరా అని అడిగారు. నేను 2000 నుంచి 2012 వరకు ఆ ప్రాంతంలోనే ఉన్నాను. నేను గే. మాది అప్పటి కడప జిల్లాలోని రాజంపేట. నా సమాధానంలో ఈ మూడు సంగతులూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

రాజంపేటతోనే మొదలుపెట్టాలి. మా వైపు ఊళ్లలో కువైట్‌కు మనిషిని పంపని ఇల్లు వెతికితే గానీ దొరకదు. మా మేనమామ అక్కడ ఒక షేక్ ఇంట్లో డ్రైవరుగా పనిచేసేవాడు. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఆ తర్వాత నెలన్నర పాటు మామ ఉన్నాడో లేడో మాకు తెలియదు. మా అవ్వ రోజూ సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని, బస్టాండు వైపు నుంచి వచ్చే ప్రతి మనిషినీ కళ్లు చికిలించి చూసేది. మామ బాగ్దాద్ మీదుగా, ఎడారి దారిలో జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో విమానమెక్కి, ఒంటి మీది బట్టలతో బొంబాయిలో దిగాడు. అమ్మాన్ నుంచి మనవాళ్లను, లక్ష మందికి పైగా, ఎయిర్ ఇండియా విమానాలు తీసుకువచ్చాయి. వాళ్లందరి కథా దాదాపు ఇదే. పన్నెండేళ్ల సంపాదన, కట్టాలనుకున్న ఇల్లు, అత్త కోసం కొని దాచిన బంగారం అక్కడే ఉండిపోయాయి. అందువల్ల యుద్ధమంటే టీవీలో కనిపించే పచ్చటి వెలుగులు కాదని, అరుగు మీద కూర్చున్న అవ్వ చూపు అని నాకు చిన్నప్పుడే తెలుసు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. 2003లో నేను ఫోన్ చేసి యుద్ధం తప్పని అన్నప్పుడు మామ నాతో ఏకీభవించలేదు. "నీకేం తెలుసు అల్లుడూ, వాడు మా మీదికొచ్చినోడు. వాడు చేసింది నేను కండ్లారా చూసినా. వాన్ని తీసేయాల్సిందే" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. సద్దాం దుర్మార్గుడన్నది నిజం. నేను వ్యతిరేకించింది సద్దాంను తప్పించడాన్ని కాదు, లేని కారణాన్ని ఉన్నట్లు చూపి ఒక దేశం మీదికి వెళ్లడాన్ని. ఆ తేడాను మామకు ఫోన్లో వివరించబోయాను, కార్డులో నిమిషాలు అయిపోయాయి.

ఇక శాన్‌ఫ్రాన్సిస్కోలో గే సమాజానికి కేంద్రమైన పేట, కాస్ట్రో సంగతి. నేను సన్నీవేల్‌లో మరో ముగ్గురు తెలుగు కుర్రాళ్లతో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, హెచ్-1బి వీసా. శనివారం మధ్యాహ్నం స్నేహితుడి ఇంటికని చెప్పి రైలెక్కేవాణ్ణి. నగరంలో దిగి కాస్ట్రో చేరేసరికి నా నడకే మారిపోయేది. 1922లో కట్టిన కాస్ట్రో థియేటర్‌లో సినిమాకు ముందు ఆర్గాన్ వాయించేవారు. జనం అప్పుడే వంత పాడటం మొదలుపెట్టేవారు. మార్కెట్ వీధి మలుపులో పెద్ద పెద్ద అద్దాల కిటికీలున్న ట్విన్ పీక్స్ అనే బారు ఉంది. పోలీసులకూ ఉద్యోగాలకూ భయపడి గే బార్ల కిటికీలకు నల్ల రంగు పూసుకునే రోజుల్లో, 1972లో, లోపలున్నవాళ్లు వీధికి కనబడేలా అద్దాలు పెట్టిన బారు అది. ఆ అద్దం వెనక కూర్చోవడం నాకు గుడిలో కూర్చున్నంత శాంతిగా ఉండేది. ఎవరైనా చూస్తే చూడనీ అన్న ధైర్యం నా జీవితంలో మొదటిసారి కలిగింది అక్కడే.

అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన వల్లే మీ ప్రశ్నకు అసలు సమాధానం నాకు దొరికింది. ఆయన వయసు అప్పటికే ఎనభై. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లో నౌకాదళంలో పనిచేశారు. ఒకరోజు కోటు లోపలి జేబులో నుంచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న ఒక కాగితం తీసి బల్ల మీద పరిచారు. అరవై ఏళ్లకు వెలిసిపోయినా అది నీలం కాగితమని తెలుస్తూనే ఉంది. మడతలు చిరిగిపోకుండా వెనక టేపు అంటించి ఉంది. గే అని తేలిన సైనికులను ఆ యుద్ధ కాలంలో అలాంటి నీలి కాగితం ఇచ్చి ఇంటికి పంపేసేవారు. అలా వెళ్లగొట్టినవారు 9,000 మంది దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆ కాగితం చూపిస్తే ఉద్యోగం దొరికేది కాదు, యుద్ధం నుంచి తిరిగి వచ్చినవారికి ఇచ్చే చదువు సాయం, ఇంటి రుణం అందేవి కావు. సొంత ఊరికి ఏ ముఖంతో వెళ్లాలో తెలియక చాలామంది ఓడ దిగిన రేవులోనే ఉండిపోయారు. పసిఫిక్ యుద్ధానికి పెద్ద రేవు శాన్‌ఫ్రాన్సిస్కో. ఈ నగరంలో గే సమాజం ఇంత పెద్దది కావడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. అంటే ఆ సమాజానికి యుద్ధంతో సంబంధం 2003లో కొత్తగా ఏర్పడింది కాదు. యుద్ధం వాడుకుని వదిలేసిన మనుషులు ఆ సమాజపు పునాదిలోనే ఉన్నారు.

2003 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఒక చిన్న సీసా చేతితో పట్టుకుని, ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంస ఆయుధాలు ఉన్నాయని చెప్పారు. మా ఆఫీసులో అందరూ ఆ ప్రసంగం విని ఇక సందేహం లేదన్నారు. నిజం చెప్పాలంటే నేనూ తడబడ్డాను. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి, అంత నిదానంగా, ఫోటోలు చూపిస్తూ చెబుతుంటే అబద్ధమని ఎలా అనుకుంటాం? ఆ శనివారం పెద్దాయనను అదే అడిగాను. తనను విచారించిన నౌకాదళ అధికారి ముందు కూడా ఇంత మందాన ఫైలు ఉండేదని, "మాకు అంతా తెలుసు, మిగతావాళ్ల పేర్లు చెప్పు" అని ఆయన మూడు రోజులు అడిగాడని, నిజానికి ఆ ఫైలులో దాదాపు ఏమీ లేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసిందని పెద్దాయన చెప్పారు. "తెలిసినవాడు నిన్ను తొందరపెట్టడు" అన్నారు. ఆయుధాల తనిఖీదారులు ఇంకొన్ని నెలలు గడువు అడుగుతుంటే వద్దని తొందరపెడుతున్నది ఎవరో అప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది.

కాస్ట్రో యుద్ధాన్ని నమ్మకపోవడానికి మూలం ఇదని నా అభిప్రాయం. వాళ్లు పుట్టుకతో శాంతివాదులేమీ కారు. ప్రభుత్వం గంభీరంగా చెప్పినంత మాత్రాన అది నిజం కాదని, మౌనంగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేనట్లు కాదని వాళ్లు ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నారు. ఎయిడ్స్ తొలి కేసులు 1981 జూన్‌లో బయటపడితే, అధ్యక్షుడు రీగన్ దాని మీద పూర్తి స్థాయి ప్రసంగం చేసింది 1987 మే నెలలో. అప్పటికి 20,000 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. ఆ మరణాలలో ఎన్నో ఈ కొన్ని వీధులవే. నాకు పరిచయమైన యాభై దాటినవారిలో స్నేహితుల సమూహం మొత్తాన్ని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలినవారు ఎంతోమంది. అలాంటివారికి వైట్‌హౌస్ మాటను గుడ్డిగా నమ్మమని చెప్పగలిగేదెవరు?

దీనికి తోడు "అడగొద్దు, చెప్పొద్దు" అనే చట్టం ఉండేది. 1993లో వచ్చిన ఆ చట్టం ప్రకారం గే సైనికుడు తన సంగతి దాచుకున్నంత కాలమే సైన్యంలో ఉండగలడు. 2002 నవంబరులో ఒక వార్త వచ్చింది. మాకు దక్షిణాన మాంటెరేలో ఉన్న సైనిక భాషా శిక్షణ సంస్థలో అరబిక్ నేర్చుకుంటున్న కొందరిని, వాళ్లు గే అని తెలిసినందుకు సైన్యం తీసేసింది. అరబిక్ వచ్చినవాళ్లు చాలక ఇబ్బంది పడుతున్నామని అదే ప్రభుత్వం అదే సమయంలో చెబుతోంది. ఇరాక్ మీద యుద్ధానికి సిద్ధమవుతూ, ఇరాకీల మాట అర్థమయ్యేవాళ్లను ఇంటికి పంపడం చూశాక, దేశ భద్రత అనే మాటకు నా దగ్గర విలువ సగం తగ్గిపోయింది. ఆ చట్టం కింద 2011లో అది రద్దయ్యే నాటికి ఉద్యోగం పోయినవారు 13,000 మందికి పైనే.

మా తెలుగు వాళ్ల సంగతి కూడా అడిగారు. నాతో ఉన్న ముగ్గురూ మంచివాళ్లే. 2001లో, సెప్టెంబరు 11 దాడులు జరిగిన కొద్ది రోజులకే, ఆరిజోనాలోని మీసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును, తలపాగా చూసి ముస్లిం అని పొరపాటుపడి కాల్చి చంపినప్పటి నుంచి వాళ్లు కారుకు అమెరికా జెండా కట్టుకుని తిరిగేవారు. దాన్ని నేను తప్పుపట్టను, అది భయం. "మనకెందుకురా ఈ గొడవ, వీసా మీద ఉన్నవాళ్లం, ఉద్యోగం చూసుకుందాం" అన్నది వాళ్ల మాట. డాట్‌కామ్ కంపెనీలు మూతపడి, ఉద్యోగం పోయినవాళ్లు పెట్టెలు సర్దుకుంటున్న రోజులవి. ఆ మాటలో బతుకుతెరువు గురించిన జాగ్రత్త ఉంది. కానీ ఆ జాగ్రత్త మెల్లగా మనసును కూడా మూసేస్తుంది. సముద్రపు పాయకు అవతల ఓక్లండ్ నుంచి ఎన్నికైన బార్బరా లీ, 2001 సెప్టెంబరు 14న అధ్యక్షుడికి యుద్ధాధికారం ఇచ్చే తీర్మానానికి ప్రతినిధుల సభలో 420 మంది ఔనన్నప్పుడు ఒక్కరే కాదన్నారు. ఆమె కాదనగలిగినప్పుడు నేను కనీసం నడవగలను కదా అనుకున్నాను.

అదీగాక, ఆ రోజుల్లో దక్షిణాసియా గే వ్యక్తుల సంస్థ త్రికోణ్‌తో నాకు పరిచయం ఏర్పడింది. 1986లో అక్కడే పుట్టిన సంస్థ అది. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో తలా ఒక వంట తెచ్చుకుని కలిసేవాళ్లం. నేను పప్పుచారు తీసుకువెళ్లేవాణ్ణి. ఆ కూటమిలో నాకు బాగా దగ్గరైన ఒక పాకిస్తానీ మిత్రుడు, యుద్ధం మొదలయ్యే ఆ కొన్ని వారాల్లోనే, ప్రభుత్వ ఆదేశం ప్రకారం ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్రలు ఇచ్చి పేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. ఆ జాబితాలోని ఇరవై అయిదు దేశాలలో ఒక్క ఉత్తర కొరియా తప్ప మిగతావన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. భారత్ లేదు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర ఒకే పప్పుచారు అన్నం తిన్నాం. పాస్‌పోర్టు రంగును బట్టి అతను క్యూలో నిలబడ్డాడు, నేను నిలబడలేదు. వెనక్కి పంపేస్తే ఇంట్లో నిజం తెలుస్తుందని, అప్పుడు తన గతి ఏమవుతుందో తెలియదని అతను ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ చాలా మెల్లగా చెప్పాడు. నాకు యుద్ధం అప్పుడే ఇంట్లోకి వచ్చేసింది.

ఫిబ్రవరి 16న, ఆదివారం, ఎంబార్కడెరో నుంచి మార్కెట్ వీధి మీదుగా సివిక్ సెంటర్ దాకా నడిచాం. ప్రపంచమంతా ముందురోజే నడిచింది. మా నగరంలో ఆ రోజు చైనా వారి కొత్త సంవత్సరపు ఊరేగింపు ఉండటంతో మాది ఒక రోజు ఆలస్యమైంది. మొదట రెండు లక్షల మంది అన్నారు, తర్వాత ఒక పత్రిక విమానం నుంచి ఫోటోలు తీయించి లెక్కపెట్టి 65,000 అని తేల్చింది. తక్కువ లెక్కే నిజమని నేను నమ్ముతాను. మనవైపు అంకెలను కూడా ప్రశ్నించలేకపోతే ఎదుటివారి అంకెలను ప్రశ్నించే హక్కు మనకుండదు. అరెస్టయితే వీసా ఏమవుతుందోనన్న భయంతో ఎడమ మోచేతి కింద బాల్‌పెన్నుతో ఒక వకీలు ఫోన్ నంబరు రాసుకున్నాను. చెమటకు చివరి రెండు అంకెలు చెదిరిపోతే పక్కన నడుస్తున్న ఒక స్త్రీ, ముఖానికి తెల్ల రంగు పూసుకున్న ఒక పెద్దమనిషి కలిసి, తమ చేతుల మీది నంబరు చూసి మళ్లీ రాశారు. మార్చి 20న, బాంబులు పడటం మొదలైన మర్నాడు, నగరం మధ్యలో రోడ్ల మీద బైఠాయించిన వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. నేను పేవ్‌మెంట్ మీదే నిలబడ్డాను, రోడ్డు మీద కూర్చోలేదు. నా స్థితిలో అంతకన్నా చేయలేకపోయాను.

అయితే గే సమాజమంతా ఒకే గొంతుతో మాట్లాడిందని మీరు అనుకుంటే అది నిజం కాదు. 2003 జూన్ 26న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే టెక్సాస్ చట్టాన్ని 6–3 తీర్పుతో కొట్టేసింది. ఆ సాయంత్రం కాస్ట్రోలో హార్వీ మిల్క్ ప్లాజా దగ్గర ఎప్పుడూ ఎగిరే, గే సమాజానికి గుర్తయిన పెద్ద ఇంద్రధనుస్సు జెండాను దించి, దాని స్థానంలో అమెరికా జెండాను ఎగరేశారు. గే మాజీ సైనికులు సెల్యూట్ చేశారు, జాతీయ గీతం పాడారు. చుట్టూ చాలామంది ఏడుస్తున్నారు. ఆ ఏడుపు నాకు అర్థమైంది. నిన్నటి దాకా నేరస్థులుగా చూసిన దేశం ఈ రోజు మనుషులుగా గుర్తించింది. అయినా అదే జెండా ఆ నెలలోనే బాగ్దాద్ వీధుల్లో ట్యాంకుల మీద ఎగురుతోందన్న సంగతి నా మనసులో నుంచి పోలేదు. నేను చప్పట్లు కొట్టాను, కానీ సెల్యూట్ చేయలేకపోయాను. పెద్దాయన మాత్రం కర్ర ఆనించుకుని నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు. తనను వెళ్లగొట్టిన దళానికి ఎందుకు సెల్యూట్ అని అడగాలనిపించింది, అడగలేదు. అడగకపోవడమే మంచిదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

సైన్యంలో గే వ్యక్తులకు సమాన హక్కు ఉండాలన్న డిమాండు న్యాయమైనదే. ఇరాక్‌లో యుద్ధం మొదలైన మొదటి రోజుల్లోనే, 2003 మార్చి 21న, మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్న అమెరికా మెరైన్ దళ సైనికుడు ఎరిక్ అల్వా తాను గే అని 2007లో బయటికి చెప్పారు. ఆయన ధైర్యానికి నేను చేతులు జోడిస్తాను. కానీ మా ఉద్యమంలో కొందరు, మేమూ మీతో సమానంగా చంపగలం, చావగలం, కాబట్టి మమ్మల్ని ఒప్పుకోండి అని అడుగుతున్నట్లు ఉండేది. ఆ వాదన నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. మనిషిగా పుట్టినందుకు దక్కవలసినదాన్ని యుద్ధం చేసి సంపాదించుకోవలసి రావడమే నాకు అన్యాయంగా తోచేది. మన దేశంలో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ విషయంలో, అవి నేరం కావని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, 2019 జనవరిలో అప్పటి సైన్యాధిపతి సైన్యంలో దీన్ని అనుమతించబోమని చెప్పినప్పుడు ఇదే చర్చ హైదరాబాదులో మా మిత్రుల మధ్య కూడా వచ్చింది. నా మాట మారలేదు: తలుపు తెరవాలి, అంతేగాని ఆ తలుపు కోసం యుద్ధాన్ని ప్రేమించనక్కరలేదు.

2004 ఏప్రిల్ చివర్లో, ఇరాక్‌లో అమెరికా సైన్యం చేతిలో ఉన్న అబూ గ్రైబ్ జైలు ఫోటోలు వచ్చాయి. దీని గురించి రాయడం ఇప్పటికీ కష్టంగా ఉంది. ఖైదీలను నగ్నంగా ఒకరి మీద ఒకరిని పేర్చి, మగవాళ్ల మధ్య జరిగే స్పర్శను వాళ్లను అవమానించే ఆయుధంగా వాడారు. పత్రికలన్నీ అరబ్బు సంస్కృతిలో ఇది ఎంత అవమానమో వివరించాయి. మాకు మాత్రం ఇంకొకటి కూడా కనిపించింది. మేము ప్రేమ అని పిలుచుకునేదాన్ని ఆ సైనికులు మనిషికి చేయగల అత్యంత నీచమైన పనిగా భావించారు, అందుకే దాన్ని ఎంచుకున్నారు. ఆ వారం ట్విన్ పీక్స్‌లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ఇరాక్‌లో ఆయుధాలు దొరకలేదు. అమెరికా నియమించిన తనిఖీ బృందమే 2004లో ఆ మాట తేల్చింది. విముక్తి అన్న మాట ఏమైందో మా లాంటివారి వైపు నుంచి చూస్తే, 2009లో బాగ్దాద్‌లో సాయుధ ముఠాలు గే అని అనుమానం వచ్చిన మగవాళ్లను ఇళ్ల నుంచి లాక్కెళ్లి చంపాయి. 2024 ఏప్రిల్‌లో ఇరాక్ పార్లమెంటు స్వలింగ సంబంధాలకు పది నుంచి పదిహేను ఏళ్ల జైలు విధించే చట్టం చేసింది.

2009 నాటి ఆ భయంతోనే పారిపోయి, శరణార్థిగా మా నగరం చేరిన ఒక ఇరాకీ యువకుణ్ణి 2011లో కలిశాను. ఒక కాఫీ హోటల్లో కూర్చుని, నేను మా మామ కథ చెప్పాను. అతను నవ్వి, పేపర్ నాప్‌కిన్ తీసుకుని గీత గీశాడు: బాగ్దాద్, ఎడారి, సరిహద్దు, రువైషిద్, అమ్మాన్. తానూ అదే రోడ్డు మీద వెళ్లానన్నాడు. మామ సద్దాం నుంచి పారిపోయి వెళ్లిన దారి, సద్దాం పోయాక ఇతను పారిపోయి వెళ్లిన దారి ఒకటే.

2012లో తిరిగి వచ్చేటప్పుడు ఆ కాగితం నాతోపాటు తెచ్చి రాజంపేటలో మామ చేతికిచ్చాను. మామ కళ్లజోడు పెట్టుకుని, రోడ్డు వెంబడి వేలితో నడుచుకుంటూ వెళ్లి, ఎక్కడ బస్సు ఆగిపోయిందో, ఎక్కడ గుడారాలు వేశారో చూపించాడు. "మరి ఈ పిల్లోడు ఎవరికి భయపడి పారిపోయినాడు?" అని అడిగాడు. చెప్పాను. అది చెప్పాక, అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ చెప్పని నా సంగతి కూడా చెప్పాను. మామ చాలాసేపు తలెత్తలేదు. ఆ తర్వాత రువైషిద్ అని రాసిన చోట వేలు పెట్టి, "ఈడ మాకు రెండు దినాలు నీళ్లు దొరకలేదు అల్లుడూ. ఆ పిల్లోడికి దొరికినాయా?" అని అడిగాడు.